కొమురవ్వ పిడికెడు బియ్యం

నాకు కోపం ఎక్కువ. గీ మాట ముందుగాల్నే చెప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదాంట్ల జరిగిన నష్టమంత నా నోటి దురుసుతోని జరిగిందే. నా పేరు సదానందం. మందమర్రిల ఆఫీసు గుమస్తాగ ముప్పై నాలుగేండ్లు చేసి రిటైరైన. మా కాలనీ చర్చికి పదకొండేండ్ల సంది సెక్రటరీని. సదానందం సారు ఉంటే పని అయితది, కాని ఒక తిట్టు పడ్డంకనే అయితది అని సంఘంల నవ్వుకుంటరు. నేను సుత నవ్వేటోన్ని.

చెప్పాల్సింది నా గురించి కాదు, కొమురవ్వ గురించి.

చర్చి రిజిస్టర్ల ఆమె పేరు రూతమ్మ అని ఉంటది. బాప్తిస్మం ఇచ్చిననాడు అప్పటి పాస్టరు పెట్టిన పేరు. ఆ పేరుతోని పిలిస్తే ఆమె తిరిగి సుత చూసేది కాదు. పొట్టి మనిషి, గుండ్రటి మొకం, ఎడమ భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి. శనివారం పొద్దుగాల మా ఇండ్ల లైన్ల ఆ సంచి కనపడ్డదంటే ఇంట్ల ఆడోల్లు కుండ పట్టుకొని వాకిట్లకు వచ్చేటోల్లు.

మా సంఘంల ఒక పద్ధతి ఉన్నది. వంటకు బియ్యం తీసేటప్పుడు ఇంటామె అండ్లకెల్లి ఒక పిడికెడు తీసి పక్క కుండల వేస్తది. దేవుని పిడికెడు అంటరు. వేరే సంఘాలల్ల గా బియ్యం పాస్టరు ఇంటికి పోతది, లేకుంటే పండుగనాడు వేలం వేస్తరు. మా దగ్గర అట్ల కాదు. మా దగ్గర అది చావు అయిన ఇంటికి పోతది. కొమురవ్వ వండి పట్టుకపోతది. ముప్పై రెండేండ్లు అట్లనే నడిచింది.

షురూ చేసింది సుత ఆమెనే. ఆమె పెనిమిటి అంతయ్య కామెర్లతోని పోయినప్పుడు ఆమెకు ముప్పై ఆరేండ్లు, బిడ్డ స్వరూపకు తొమ్మిది. మట్టి చేసి వచ్చినంక చుట్టాలు ఎవల బస్సు వాల్లు ఎక్కిండ్రు. మూడు దినాలు ఆ ఇంట్ల పొయ్యి ముట్టలే. మూడో నాడు చూస్తే స్వరూప మూలకు కూసుండి పలక మీద రాసే సుద్దముక్క కొరుకుతున్నదట. "ఏడ్చెటోల్లు శానమంది వచ్చిండ్రు సారూ, అన్నం పట్టుకొచ్చెటోల్లు ఒక్కలు రాలే" అని చెప్పేది నాకు. గా ఆదివారమే పోయి పాస్టరును అడిగింది. అయ్యా, గీ పిడికెడు బియ్యం నాకియ్యుండ్రి, నేను వండుత అని.

ఆమెకు కొన్ని కాయిదాలు ఉండేటివి, తను పెట్టుకున్న నియమాలు. మూడు దినాలు పట్టుకపోవాలె. పగటీలి, పగటి అన్నం యాల్లకు పట్టుకపోవాలె. ఎవల ఇల్లని అడగొద్దు. వడ్డించి వచ్చుడు కాదు, పళ్లెం ఖాళీ అయ్యేదాక ఎదురుంగ కూసోవాలె. ఊకెనే కూసోవాలె, ఓదార్పు మాటలు చెప్పొద్దు. "తినేటోనికి మాటలు అడ్డం పడుతయ్" అనేది. మా ఎనుక లైన్ల ఖుద్సియా ఉంటది. ఆమె భర్త అజీముద్దీన్ పోయిననాడు కొమురవ్వ గట్లనే డబ్బా పట్టుకొని పోయింది. చర్చోల్ల అన్నం తింటరో తినరో అని నేను గేటు కాడ ఆపిన. "ఆకలికి మతం ఉన్నదా సారూ, జరుగు" అన్నది. ఆ మరుసటి వారం సంది ఖుద్సియా సుత తన కుండల పిడికెడు తీసిపెట్టుడు మొదలుపెట్టింది.

ఇంకొక సంగతి చెప్పాలె. ఆ సంచిల బియ్యం పది ఇండ్ల బియ్యం. ఒకలది దొడ్డు, ఒకలది సన్నం, ఒకలది పాతది, ఒకలది నిన్న మొన్న పట్టించింది. కలిపి ఎసట్ల పోస్తే సగం పలుకు, సగం గంజి అయితది. కొమురవ్వ చేటల పోసి చెరిగి, దొడ్డు ఒక దిక్కు, సన్నం ఒక దిక్కు తీసేది. దొడ్డుబియ్యం ముందు నానేసి ఎసట్ల వేసేది. అది సగం ఉడికినంక సన్నం వేసేది. మెతుకు మెతుకు ఒక్కతీరుగ ఉడికేది. "ఏడ్చి ఏడ్చి గొంతు ఎండి ఉంటది, పలుకు దిగదు సారూ" అనేది. గింత పనికి గింత ఓపిక ఏంది అని నాకు అనిపించేది.

పోయిన జనవరిల మా సంఘానికి యాభై ఏండ్లు నిండినయ్. పాస్టరు అరుణ్ గారు వచ్చి అప్పటికి ఏడాది సుత కాలే. వయసుల చిన్నోడు, మంచోడు, మాట నెమ్మది. ఆరాధన అయినంక లేచి అన్నడు: "మనం ఆదివారం వచ్చి పాటలు పాడి పోతే సరిపోదు. రేపు మన చర్చి లేకపోతే గీ కాలనీల ఎవలకన్న లోటు కనపడాలె. వచ్చే పదేండ్లు ఊరికి మనం ఏం సేవ చెయ్యాల్నో ఒక్కొక్కలు ఒక్కొక్క మాట చీటీ మీద రాసి పెట్టెల వేయుండ్రి. అందరి మాట చూసినంకనే ప్లాన్ రాసుకుందం."

మాట బాగుండె. నేను లేచి దానికి ఒక తోక తగిలించిన. ఎవల చీటీ వాల్లే రాయాలె, ఒకలకు ఇంకొకలు రాసుడు బంద్ అని గట్టిగ చెప్పిన. ఎందుకంటే అంతకుముందు కమిటీ ఎన్నికలల్ల ఒకాయన ఇరవై చీటీలు తానే రాసి వేసిండు. నా మనసుల ఉన్నది గా దొంగచీటీల సంగతి. చదువు రానోల్ల సంగతి తట్టనే లే.

మెట్ల కాడ కొమురవ్వ నా దగ్గరికి వచ్చింది. "సారూ, నా మాట జర రాసిపెడ్తవా" అన్నది.

"చెప్పిన గద కొమురవ్వా. కాయిదా అందరికి ఒక్కటే. ఇంటికి పోయి నిమ్మలంగ రాసుకొని రా పో" అన్న. అప్పుడు నా చుట్టూ పదిమంది ఉన్నరు, ఫొటోలోడు పిలుస్తున్నడు. ఆమెకు అక్షరం రాదని నాకు తెల్వదా? తెలుసు. వేలిముద్ర వేయించింది నేనే ఎన్నోసార్లు. ఆ గడియల యాదికి రాలే. ఆమె "మంచిది సారూ" అని పోయింది.

మరుసటి ఆదివారం అందరు వరుసల వచ్చి పెట్టెల చీటీలు వేసిండ్రు. ఆరాధన అయినంక నేను పెట్టె వరండలకు తెచ్చుకొని మూత తీసిన. చీటీల మీద బియ్యం గింజలు. నా నెత్తి తిరిగింది. పోరగాండ్ల ఆగం అనుకున్న, లేకుంటే ఎలుకలు గుంజుకొచ్చినయేమో అనుకున్న. "దేవుని ఇంట్ల సుత గీ ఆగం ఏంది" అని ఒర్రుకుంట పెట్టె వరండ అవుతలికి వంచి దులిపిన. బియ్యం మట్టిల పడ్డయ్. కోళ్లు ఉరికొచ్చినయ్.

కొమురవ్వ అక్కడ్నే మెట్టు మీద నిలబడి ఉన్నది. నేను ఆమె దిక్కు చూసి అన్న: "కొమురవ్వా, జర గీ చెత్త ఊడ్చెయ్."

ఆమె ఊడ్వలే. కిందికి దిగి కోళ్లను అదిలించి, కూసుండి, గింజ గింజ ఏరి కొంగుల వేసుకున్నది. ముసలోల్లకు పొదుపెక్కువ అనుకొని నేను చీటీలు పట్టుకొని లోపలికి పోయిన.

గా ఆదివారం పోయి ఇంకొక ఆదివారం వచ్చింది. కొమురవ్వ గుడ్డసంచిని ఉతికి, మడతపెట్టి తెచ్చి కమిటీ బల్ల మీద పెట్టింది. "ఇగ నాతోని కాదు" అన్నది. అంతే. ఎందుకని ఎవలన్న అడిగిండ్రా అంటే అడగలే. అరవై ఎనిమిదేండ్లు, మోకాళ్ల నొప్పులు, రెస్టు కావాలె పాపం అని అందరం మా అంతట మేమే అనుకున్నం. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటరు గద. తొమ్మిది మంది ఉన్న కమిటీల ఒక్కనికి సుత ఆమెను పక్కకు పిలిచి ఏమైందని మందలిద్దామన్న బుద్ధి పుట్టలే.

పైకెల్లి సన్మానం చేసినం. శాలువ తెప్పించింది నేను. మాట్లాడింది నేను. "కొమురవ్వ చేసిన సేవ మరువలేనిది, ఇగ ఆమె విశ్రాంతి తీసుకోవాలె" అని మైకుల చెప్పిన. ఆమె శాలువ కప్పించుకొని నేల దిక్కు చూసుకుంట నిలబడ్డది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇంటికి వచ్చినంక నా భార్య కోమల అడిగింది: "ఆమెను నువ్వేమన్న అన్నవా?"

"నేనేమంట? శాలువ కప్పితే తప్పా?" అని గయ్యిమన్న.

"శాలువ కప్పినప్పుడు ఆమె మొకం చూసినవా నువ్వు? సంతోషమున్నోల్ల మొకమేనా గది?" అన్నది కోమల.

ఆ తర్వాత కొమురవ్వ చర్చికి రాలే. సంచి పట్టుకొని తిరిగేటోల్లు లేరు. మార్చిల ప్లాన్ తయారైంది. పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్, ఒక అంబులెన్స్, ఆడోల్లకు కుట్టుమిషన్లు, ఏటేటా రక్తదానం. మంచి పనులే, నేను కాదన. రాసింది నేనే, ఇంట్ల బల్ల మీద కూసుండి మూడు రాత్రులు రాసిన. చావు ఇంటికి పరామర్శ విభాగం అని ఒకటి పెట్టినం. పూలదండ, ఒక ప్రార్థన, హోటల్ కెల్లి అన్నం ప్యాకెట్లు. దేవుని పిడికెడు అన్న మాట దాంట్ల ఏడ లేదు. ఎవలు చీటీల రాయలే గద అనుకున్న.

జూన్ల కోమల పోయింది. పొద్దుగాల చాయ్ పెట్టింది, గుండె పట్టుకున్నది, ఆసుపత్రికి తీసుకపోయేలోపే అయిపోయింది. మాకు పిల్లలు లేరు. మట్టి అయినంక సంఘపోల్లు అందరు వచ్చిండ్రు, ప్రార్థన చేసిండ్రు. నేను రాసిన ప్లాన్ ప్రకారమే బరాబర్ దండ వచ్చింది, ప్యాకెట్లు వచ్చినయ్. వచ్చినోల్లు తిన్నరు, పోయిండ్రు. నా ప్యాకెట్ నా ఒళ్లె ఉన్నది. దాని రబ్బరు తీయబుద్ధి కాలే. మరునాడు ఇంకొక ప్యాకెట్ వచ్చి గేటు మీద ఏలాడింది. పిల్లి ఎత్తుకపోయింది.

మూడో నాడు పగటీలి తలుపు కొట్టిన సప్పుడైంది. తీస్తే కొమురవ్వ. మనిషి సగమైంది. చేతిల స్టీలు డబ్బా. లోపలికి వచ్చి, అడగకుంటనే వంటింట్లకు పోయి పళ్లెం తెచ్చి, అన్నం పెట్టి పప్పుచారు పోసింది. ఎదురుంగ కింద కూసున్నది.

"తిను సారూ" అన్నది. "కోమలమ్మ ముప్పై ఏండ్లు నా సంచిల పిడికెడు పోసింది. ఊరు తిన్నది. ఇయ్యాల నీ వంతు."

మొదటి ముద్ద నోట్ల పెట్టుకున్న. మూడు దినాల సంది ఏడుపు రానోనికి ఆ ముద్దతోని వచ్చింది. ఆమె ఊకెనే కూసున్నది. సగం పళ్లెం అయినంక నేనే అడిగిన: "నువ్వు చర్చికి ఎందుకు వస్తలేవు కొమురవ్వా?"

ఆమె జరసేపు తన చేతులు చూసుకున్నది. "నాకు రాయరాదు గద సారూ. నువ్వేమో రాసియ్యనంటివి. ఏం చెయ్యాలె? చీటీకి బదులు పిడికెడు బియ్యం వేసిన పెట్టెల. చూస్తే అర్థమైతది అనుకున్న. గీ బియ్యం పని ఆపొద్దు, నా ఎనుక ఎవలన్న పట్టుకోవాలె అని నా మాట. నువ్వు పారబోసినవ్. నన్నే ఊడ్వమంటివి." గొంతుల కోపం లేదు. "ఒక్కటే అడుగుత సారూ. మీరందరు కూడి మాట్లాడుకున్నరా, వద్దని?"

నాకు అంత యాదికి వచ్చింది. పెట్టె, గింజలు, కోళ్లు, ఆమె కొంగు. పిడికెడు బియ్యం అంటే మా సంఘంల కొమురవ్వ సంతకం. కొత్తగ వచ్చిన పాస్టరుకు తెల్వకపోవచ్చు. పదకొండేండ్ల సెక్రటరీని, నాకు తెల్వదా?

చెప్పాల్సింది రెండు ముక్కలు. లేదు కొమురవ్వా, నాకు సమజ్ కాలే, ఎలుకలనుకున్న, తప్పు నాది. గంతే. నోరు రాలే. నోట్ల ముద్ద ఉండె, అది ఒక సాకు. అసలు సంగతి సిగ్గు. జీవితంల ఎన్నడు ఎవలకు తప్పయిందని చెప్పినోన్ని కాదు. "ఇప్పుడవన్ని ఎందుకు కొమురవ్వా" అన్న.

ఆమె తల ఊపింది. "అవు, ఎందుకు" అన్నది. పళ్లెం ఖాళీ అయ్యేదాక కూసుండి, డబ్బా కడుక్కొని పోయింది.

ఆదివారం అందరి ముంగట లేచి చెప్పాలె అనుకున్న. చెప్పి, సంచి తీసి ఆమె చేతిల పెట్టి, ప్లాన్‌ల మొదటి పని అదే రాయాలె అనుకున్న. ఆ ఆదివారం అచ్చైన ప్లాన్ పుస్తకం విడుదల. పెద్దలు వచ్చిండ్రు, దండలు, భోజనాలు. పుస్తకంల నాలుగో పేజీల శాలువ కప్పుకున్న కొమురవ్వ ఫొటో ఉన్నది, కింద మన పూర్వ సేవకులు అని. గియ్యాల కాదు, వచ్చే వారం చెప్పుత అనుకున్న. ఇంటికి పోయి ఆమెకైనా చెప్పొచ్చు. మా ఇంటికి ఆమె ఇల్లు నాలుగు లైన్ల అవుతల. పోలే.

గురువారం పొద్దుగాల ఖుద్సియా వచ్చింది. "సారూ, కొమురవ్వ గుజర్‌గయీ, పోయింది" అన్నది. నల్ల కాడ బిందె పెట్టి కూసున్నది, మళ్ల లేవలేదట.

బిడ్డ స్వరూప జమ్మికుంటల ఉంటది, పత్తి మార్కెట్ల కూలికి పోతది. పగటీలికి వచ్చింది. మట్టి అయినంక అరుణ్ పాస్టరు ప్రార్థన చేసిండు, పరామర్శ విభాగపోల్లు ప్యాకెట్లు పంచిండ్రు, అందరు పోయిండ్రు. స్వరూప గోడకు ఒరిగి కూసున్నది. ప్యాకెట్ ఆమె పక్కన నేల మీద అట్లనే ఉన్నది. పొయ్యి దిక్కు చూసిన. చల్లగ ఉన్నది.

నేను ఇంటికి వచ్చిన. వంటింట్ల బియ్యం డబ్బా ఎనుక కోమల కుండ ఉన్నది. మూత తీసిన. నిండ బియ్యం. కొమురవ్వ సంచి బల్ల మీద పెట్టినంక సుత కోమల రోజు పిడికెడు వేస్తనే ఉన్నది. నాకు చెప్పలే. చెప్తే గయ్యిమంటనని తెలుసు. తను పోయేదాక వేసింది. కింద దొడ్డు, మీద సన్నం, నడుమ పురుగు. నేను చేట తీసి వాకిట్ల కూసున్న. చెరుగుడు నాకు వస్తదా? సగం బియ్యం కింద పడ్డయ్. అటు పోతున్న ఖుద్సియా చూసి, ఏం అడగకుంటనే ఇంటికి పోయి తన కుండలకెల్లి పిడికెడు తెచ్చి చేటల పోసింది.

దొడ్డు ముందు, సన్నం ఎనుక అన్నది యాదికి ఉన్నది. ఎంత సేపటికి అన్నది తెల్వది. అరవై ఆరేండ్లల్ల ఎన్నడు ఎసరు పెట్టినోన్ని కాదు. అన్నం కింద మాడింది, మీద పలుకున్నది. మళ్ల వండుదమంటే పొద్దు పోతది. అదే అన్నం డబ్బాల పెట్టుకొని, మామిడికాయ తొక్కు వేసుకొని పోయిన.

స్వరూప ముంగట పళ్లెం పెట్టి కింద కూసున్న. ఆమె అన్నం చూసింది, నన్ను చూసింది. "పిడికెడు బియ్యమా సారూ?" అన్నది.

"అవు బిడ్డా."

"మరి బందైంది గద? అవ్వ ఫోన్ల చెప్పింది. సంఘపోల్లు నా మాట వద్దన్నరు బిడ్డా, చదువుకున్నోల్లు, వాల్లకు తెల్వదా, నేనే ఎన్కటి మనిషిని అని. ఆ పొద్దు మస్తు ఏడ్చింది. ముప్పై ఏండ్లు చేసిన పని ఉత్తదే అయిందా బిడ్డా అని అడిగింది. నేనేం చెప్పాలె ఆమెకు?"

ఇగ నాతోని ఆగుడు కాలే. చెప్పిన. చీటీ రాసియ్యకపోయింది, ఎలుకలనుకున్నది, పారబోసింది, ఊడ్వమన్నది, అంత చెప్పిన. సంఘం వద్దనలే బిడ్డా, సంఘానికి అసలు తెల్వనే తెల్వది, నేనొక్కన్ని చేసిన ఆగం అని చెప్పిన. మొన్న మీ అవ్వ నా ఇంట్ల కూసుండి అడిగితే నోరు మూసుకున్న అని సుత చెప్పిన. వచ్చే ఆదివారం అందరి ముంగట చెప్పుత, సంచి నేనే ఎత్తుకుంట అన్న.

స్వరూప తిట్టలే. తిడితే బాగుండు.

"గీ మాట అవ్వ ఉన్నప్పుడు ఆమెకు చెప్పొద్దా సారూ" అన్నది.

ఆమె పళ్లెం దగ్గరికి గుంజుకున్నది. వండి తెచ్చిన అన్నం తోయొద్దని వాల్ల అవ్వ నేర్పింది. పలుకు అన్నాన్ని నిమ్మలంగ నములుకుంట, నా దిక్కు చూడకుంట తినుడు మొదలుపెట్టింది. పళ్లెం ఖాళీ అయ్యేదాక ఎదురుంగ కూసోవాలె, మాట్లాడొద్దు. కూసున్న.